మీ సంగతి ఎవరికి చెప్పవచ్చు?

ఆ ఉదయం ప్రొఫెసరమ్మ అనుకున్న పని చిన్నదే. ఆసుపత్రిలో అక్కను చూసి, పదింటి క్లాసు అందుకోవాలి. అక్కతో మాటల్లేక మూడేళ్ళయింది. ఈమె థైరాయిడ్ రిపోర్టును కుటుంబం గ్రూపులో పెట్టి, "చెల్లి కోసం అందరూ ప్రార్థించండి" అని రాసింది అక్క. ఆ మంటలో ఈమె రోగుల సమాచార గోప్యత మీద నాలుగు వందల పేజీలు రాసి, ప్రభుత్వం మెడలు వంచి రూలు చేయించింది. కానీ రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో అక్క ఆఖరుసారి ఎప్పుడు కనిపించిందో చూసి మూసేసేది. నిఘాను తిట్టిన మనిషి చేసిన ఏకైక నిఘా అది. రెండు రోజులుగా ఆ టైము కదల్లేదు. మనసాగక అక్క పక్కింటావిడకు ఫోన్ చేస్తే, ఆసుపత్రి పేరు చెప్పింది.

"చెప్పకూడదండీ," అంది కౌంటర్లో అమ్మాయి. "పేషెంటు రాసిచ్చిన పేర్లలో మీరు లేరు."

"సొంత చెల్లెల్ని!"

"సొంతవాళ్ళతోనే అసలు ప్రమాదమని రూల్లో ఉంది మేడమ్."

ఆ వాక్యం ఆమెదే. వారం కూర్చుని చెక్కింది. రూలు రాసేవాళ్ళు క్యూలో నిలబడరు, అందుకే దాని ముఖం ఇన్నాళ్ళూ చూడలేదు.

"కనీసం బతికుందా?"

"అదీ ఆరోగ్య సమాచారమేనండీ."

పళ్ళ సంచితో మెట్లెక్కబోతే సెక్యూరిటీ అడ్డం పడ్డాడు. "ఆవిడ ఇక్కడున్నారని ఎవరు చెప్పారు? పేరు రాసివ్వండి, కేసవుతుంది."

పక్కింటావిడను ఇరికించలేక, ప్రొఫెసరమ్మ కడుపు పట్టుకుని కూలబడింది. "అమ్మో, నొప్పి!"

రెండు నిమిషాల్లో చక్రాల కుర్చీ, పది నిమిషాల్లో సూది. "అపెండిక్స్! థియేటర్ సిద్ధం చేయండి," అన్నాడు డాక్టరు. నర్సు కాగితం పెట్టింది. అందులో "మీ సంగతి ఎవరికి చెప్పవచ్చు?" అన్న గడి. ఆ గడి పెట్టించిందీ తనే. మూడేళ్ళ తరవాత అక్క పేరు రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి.

రూలు ప్రకారం ఆ పేరుకు వెంటనే ఫోన్ వెళ్ళింది. పావుగంటలో సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ పై అంతస్తు నుంచి అక్క దిగింది.

"ఏమే, ఏమైందే నీకు?"

"ఏం కాలేదు. నిన్ను చూద్దామనే. నీకేమైంది?"

"పిత్తాశయంలో రాళ్ళు. తీసేశారు."

"మరి నా పేరు ఎందుకు రాయలేదు?"

"రాస్తే నీ పేరూ నంబరూ ఎవరికో ఇచ్చేసినట్టు కదే. ఇంకో మూడేళ్ళు మాట్లాడవేమోనని భయమేసింది."

డాక్టరు వచ్చేసరికి, ఆపరేషన్ కావలసిన పేషెంటు అక్క భుజానికి ఆనుకుని యాపిల్ కొరుకుతోంది.

"నొప్పి ఎలా తగ్గింది?" అన్నాడు నోరు తెరిచి.

"చెప్పకూడదండీ," అంది అక్క.