మరుగుదొడ్లు కనబడని ఊరు

ఆ రోజు పొద్దున పంబకల్ జుంబ్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏటికి పోటు వచ్చినప్పుడు ఊళ్ళోని మరుగుదొడ్లన్నిటినీ ఎగువకు లాక్కుపోయి మలుపు వెనక దాచాలి. పట్నం నుంచి వచ్చే అతిథి ఊరు చూసి వెళ్ళిపోయాక ఎవరి దొడ్డి వాళ్ళింటి ముందుకు తెచ్చి మళ్ళీ కట్టాలి. ఈ మధ్యలో ఎవరికీ అవసరం పడకూడదు. ఈ చివరి సంగతి గురించి ఆయన ఎక్కువ ఆలోచించలేదు.

హలాయుంగ్ గ్రామంలో పెద్దను పంబకల్ అంటారు. ఈ పెద్దరికానికి ఇంత కష్టం రావడానికి కారణం ఊరి పరిచయ పుస్తకం. యాత్రికులూ, పెట్టుబడి పెట్టేవాళ్ళూ చూసుకోవడానికి ప్రతి ఊరూ ఒకటి రాసి పంపాలని పైనుంచి మాట వచ్చింది. ఊరి కార్యదర్శి మస్దుల్ రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే మస్దుల్‌కి చెయ్యి ఆడదు. ‘అద్దంలాంటి నది, మచ్చలేని తీరం, నవ్వు మరవని జనం’ అని రాశాడు. తీరా అట్ట మీదకు ఫొటో తీయబోతే, ఏ మూల నిలబడ్డా ఇంటికొక జంబన్, అంటే నీళ్ళ మీద తేలే మరుగుదొడ్డి, అడ్డం వచ్చింది. దుంగల తెప్ప, దాని మీద నడుమెత్తు చెక్క గోడలు, నేలలో ఒక కంత. పొద్దున్నే ఊరంతా ఒకరినొకరు పలకరించుకునేది ఆ గోడల మీదుగానే. చివరికి మస్దుల్ మసీదు కప్పెక్కి, అడ్డంగా రెండు అరటాకులు పట్టించి ఫొటో తీశాడు. అందులో నది ఉంది, కొబ్బరి చెట్లున్నాయి, దొడ్లు మాత్రం లేవు.

ఆ ఫొటో చూసి బంజర్మాసిన్ పట్నంలో నదీ విహారాలు నడిపే ఒక కంపెనీ, ‘మా మనిషిని పంపుతున్నాం’ అని కబురు పెట్టింది. అప్పటినుంచి ఊళ్ళో అందరికీ ఒకటే కుతూహలం.

“పెట్టుబడిదారంటే ఎలా ఉంటాడంటావ్?”

“ఎలా ఉంటాడేంటి, లావుగా ఉంటాడు.”

“మన తిండి తింటాడంటావా?”

“ముందు మన ఊరు మింగకుండా ఉంటే చాలు!”

జుంబ్రి ఆరాటమంతా ఊరి బాగు కోసమేనని జనం అనుకున్నారు. సగం నిజం. మిగతా సగం ఆయన భార్య రుస్మినా. ఆమె పడవలో సోతో అమ్ముతుంది. కోడి పులుసులో అన్నం ముద్దలు వేసి ఆమె ఇచ్చే గిన్నె కోసం ఒకప్పుడు పడవలు వరస కట్టేవి. రోడ్డు వంతెన కట్టాక నది మీద జనం పలచబడ్డారు. “ఈ వచ్చేవాడి వల్ల కూడా ఏమీ జరక్కపోతే నేను పట్నంలో మా అక్క కొట్టుకి పోతా. నువ్వూ నీ ఊరూ ఏలుకోండి” అని ఆమె తేల్చి చెప్పేసింది. రుస్మినా లేని ఇల్లు తలుచుకుంటే జుంబ్రికి నిద్ర పట్టడం లేదు. తిట్టే మనిషి కూడా ఉండదే అని ఆయన దిగులు.

పోటు రాగానే ఊరంతా నీళ్ళలోకి దిగింది. ఊరుమ్మడి పనికి రానని అనే మనిషి హలాయుంగ్‌లో ఇంకా పుట్టలేదు. దొడ్డికి దొడ్డి కట్టి, పెద్ద గొలుసులా చేసి, మోటారు పడవతో మలుపు దాకా లాగారు. అక్కడ గుంజకి కట్టే ముడి మాత్రం సర్కానీ ముసలాయన వెయ్యాలి. ఊరి పనుల్లో ఆఖరి ముడి ఎప్పుడూ ఆయనదే. పాపం, ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. ముడి సరిగ్గా పడిందో లేదో అని అందరికీ అనుమానమే. కానీ పెద్దవాడు వేసిన ముడిని లాగి చూస్తే ఆయన్ని నలుగురిలో చెంపదెబ్బ కొట్టినట్టే. అందుకని అందరూ ఆకాశం వైపు చూశారు.

“గట్టిగానే ఉందిగా?” అని సర్కానీయే అడిగాడు.

“నీ ముడికి తిరుగేముంది పెదనాయనా!” అన్నారు అందరూ, తాడు వైపు చూడకుండా.

అతిథి పోటు మీద రావలసింది. రాలేదు. రేవులో తప్పెట్లవాళ్ళు తప్పెట్లు వెచ్చచేసి, చల్లార్చి, మళ్ళీ వెచ్చచేశారు. “నా టోపీ కనబడగానే వాయించండి, ఆపమనేదాకా ఆపొద్దు” అని జుంబ్రి వాళ్ళకు గట్టిగా చెప్పి పెట్టాడు. ఆ తర్వాత ఆయన కడుపులో ఏదో కదిలింది. భయానికి తోడు, అతిథి కోసం చేసిన తీపి వంటలన్నీ రుచి చూసిన ఫలితం. అలవాటు కొద్దీ ఇంటి మెట్లు దిగాడు. అక్కడ నది తప్ప ఏమీ లేదు. పక్కింటి మెట్ల దగ్గర అప్పటికే ఒకాయన నడుము దాకా తడిసి నిలబడి ఉన్నాడు.

“నువ్వు కూడా మర్చిపోయావా పంబకల్?”

“నేనెందుకు మర్చిపోతాను, తనిఖీకొచ్చాను” అని జుంబ్రి చిన్న దోనె ఎక్కి మలుపు వైపు గబగబా తెడ్డు వేశాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, ఇటు మలుపు వెనక నుంచి వచ్చే అడ్డ కాలువలోంచి అతిథి వచ్చేశాడు. లావుగా లేడు. సన్నటి మనిషి, పేరు ఇర్ఫానీ, చిన్న మోటారు పడవ తనే నడుపుకుంటూ వచ్చాడు. మస్దుల్ ఎదురెళ్ళి వంగి వంగి నమస్కరించాడు. ఇర్ఫానీ తిరిగి నమస్కారం పెట్టాడు గానీ మసీదు చూడలేదు, కొబ్బరి తోట చూడలేదు. ఇళ్ళ వెనక్కి తొంగి చూడటం మొదలుపెట్టాడు. ఒక ఇంటి కిందకి వంగి మరీ చూశాడు.

“ఏం వెతుకుతున్నారు పాక్?” అన్నాడు మస్దుల్, ‘అయ్యా’ అన్నంత మర్యాదగా.

“ఏం లేదు. ఊరికే” అని ఇర్ఫానీ ఇంకో ఇంటి కిందకి వంగాడు.

“నేల కొలుస్తున్నాడు” అన్నారు ఆడవాళ్ళు. “కాదు, నిధి ఉందని ఎవరో చెప్పుంటారు” అన్నారు మగవాళ్ళు. ఊరంతా ఆయన వెనకే, ఆయన వంగిన చోటల్లా వంగి చూస్తూ నడిచింది.

ఈలోగా పోటు తగ్గి ఆటు మొదలైంది. మలుపు దగ్గర జుంబ్రి పనిలో ఉన్నాడు. లుంగీ విప్పి గోడ మీద వేశాడు. నల్ల టోపీ, రంగుల చొక్కా, పసుపు పట్టీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉన్నట్టుండి తెప్ప ఒక కుదుపు కుదిపింది. లుంగీ నీళ్ళలో పడి, ఆయన కంటే ముందే ఊరి వైపు బయల్దేరింది. ఆ వెనకే దొడ్ల గొలుసంతా కదిలింది. దోనె మాత్రం ఒడ్డున కట్టి ఉండిపోయింది.

అలాగే కూర్చుని ఉంటే ఎవరికీ కనబడేవాడు కాదు. కానీ ఎక్కడిదాకా వచ్చానో అని జుంబ్రికి కుతూహలం. కొంచెం తల ఎత్తాడు. గోడ మీద టోపీ కనబడింది. అంతే, తప్పెట్లు ఒక్కసారి మోగాయి.

ఇక దాక్కుని లాభం లేదు. జుంబ్రి నిటారుగా నిలబడి చెయ్యి ఊపాడు. రెండో చెయ్యి గోడని గట్టిగా పట్టుకుంది.

“గౌరవనీయులైన అతిథిగారికి మా హలాయుంగ్ గ్రామం తరఫున…” అని మొదలుపెట్టాడు. ఆటు జోరుగా ఉంది. రెండో వాక్యానికి మసీదు దాటాడు. మూడో వాక్యం కేక వేసి చెప్పవలసి వచ్చింది. ఆయన వెనక ఊరి దొడ్లన్నీ ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వస్తున్నాయి.

ఇర్ఫానీ నోరు తెరుచుకుని చూశాడు. మస్దుల్ ఫొటోలు తీస్తూనే అందుకున్నాడు. “మా ఆచారం పాక్. పెద్ద మనిషి నది మీంచే స్వాగతం చెప్పాలి.”

“ఆగరా?”

“ఆగరు. మర్యాద కాదు.”

“మరి ఎక్కడిదాకా వెళ్తారు?”

మస్దుల్ ఇంకో ఫొటో తీశాడు. రేవు చివర సర్కానీ తన చేతుల వైపు చూసుకుంటూ మెట్ల మీద కూలబడ్డాడు. “నా ముడే… నా ముడే ఊడింది” అని గొణిగాడు.

రుస్మినా ఒక్కతే ఆలోచించలేదు. సోతో పడవ తోసుకుని నది మధ్యకు వెళ్ళి, గొలుసు ముందు అడ్డం తిప్పి, తాడు అందుకుంది.

“దిగు!”

“దిగలేనే” అన్నాడు జుంబ్రి మెల్లగా.

“ఎందుకు దిగలేవు?”

“లుంగీ పోయింది.”

ఆమె ఒక క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత సోతో కుండ మీది పూల గుడ్డ లాగి విసిరింది. “కట్టుకో. నన్ను పట్నం పంపి నువ్వు సముద్రానికి పోదామనుకున్నావా? ఒక్క పూట కన్ను పక్కకి తిప్పితే ఊరి దొడ్లన్నీ వేసుకుని ఊరేగుతున్నావు. నిన్ను ఎవరికి అప్పజెప్పి పోనయ్యా నేను?”

నదికి రెండు ఒడ్లా వినబడేలా తిట్టింది. తిట్లలో పోనన్న మాట ఉందని జుంబ్రికి అర్థమై కళ్ళు చెమర్చాయి. పూల గుడ్డ కట్టుకుని రేవులో దిగి, ఇర్ఫానీ ముందు తల వంచుకున్నాడు. “క్షమించండి పాక్. అవి మా మరుగుదొడ్లు. మీరు చూడకూడదని దాచాం.”

“చూశాను” అన్నాడు ఇర్ఫానీ. “నేను ఈ నది ఎగువన పుట్టినవాణ్ణే. మీ ఫొటో చూసినప్పటినుంచీ ఒకటే ఆలోచన. ఏటి ఒడ్డు ఊరు, ఒక్క జంబన్ లేదు, మరి వీళ్ళు ఎక్కడికి వెళ్తారు? ఆ సంగతి తేల్చుకోవాలనే వచ్చాను. ఇళ్ళ దగ్గర ఒక్కటైనా మిగిల్చారా అని ఇందాక వంగి చూసిందీ అందుకే. అంతకు ముందే, వచ్చే దారిలో మలుపు దగ్గర అన్నీ కనబడ్డాయి. కనబడేసరికి నాకూ అవసరం పడింది.”

జనం ఇంకా దగ్గరకు జరిగారు.

“నా పడవ కూడా ఆ గుంజకే కట్టాను. తిరిగి బయల్దేరేటప్పుడు నాదనుకుని ఒక ముడితో పెనుగులాడాను. చూడండి, గోళ్ళు విరిగాయి. ఆలస్యం అందుకే అయింది. విప్పాక చూస్తే నా తాడు పక్కన వేరే ఉంది. మీ తాడు మళ్ళీ కట్టాను గానీ…” అని నసిగాడు.

సర్కానీ లేచి వచ్చి ఆ విరిగిన గోళ్ళని ఒక్కొక్కటే పట్టి చూశాడు. ముఖం వెలిగిపోయింది. “పట్నం ముడి!” అన్నాడు, ఊరందరికీ వినబడేలా.

ఇర్ఫానీ రుస్మినా పడవ అంచున కూర్చుని రెండు గిన్నెల సోతో తాగాడు. పడవలు పంపుతామనీ, అవి ముందు ఈమె దగ్గరే ఆగుతాయనీ, యాత్రికుల కోసం కంపెనీ గట్టు మీద తలుపులున్న మరుగుదొడ్లు కట్టిస్తుందనీ చెప్పాడు. పుస్తకం మాత్రం మళ్ళీ రాయమన్నాడు, ఈసారి ఉన్నది ఉన్నట్టు. మస్దుల్ చాలా బాధపడి ఒప్పుకున్నాడు.

కొత్త పుస్తకం అట్ట మీద ఇప్పుడు జుంబ్రి నల్ల టోపీతో చెయ్యి ఊపుతూ అందరికీ స్వాగతం చెబుతున్నాడు. ఫొటో నడుము దాకానే ఉంది.