చీర కిందనుంచి వెళ్ళని ఊరేగింపు

దేశంలో శాంతిభద్రతలు ముఖ్యంగా బట్టలారేసే తాడు మీద ఆధారపడి ఉంటాయి. ఈ సంగతి మావారు ధర్మారావుగారు రోజూ ఉదయం గుర్తుచేస్తారు.

"నీ తమైన్ మళ్ళీ ముందు బాల్కనీలో ఆరేశావేటి?"

"వెనక ఎండ రాదండీ."

"కింద మగాళ్ళు నడుస్తారే!"

(మావారి చొక్కాల కింద ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళు నడుస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.)

ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ, అంటే తమైన్, దాని కింద నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని బర్మావాళ్ళ నమ్మకం. మా పెద్దలు శ్రీకాకుళం నుంచి దీన్ని తెచ్చుకోలేదు. యాంగోన్‌లో ఓడ దిగాక, పజుండౌంగ్ పేటలో స్థిరపడి, శ్రద్ధగా నేర్చుకున్నారు. పైగా కిందటేడు, ఓటర్ల జాబితా తప్పులతడక, మేం వేసిన ఓట్లు చెల్లవు, ఏడాదిలో మళ్ళీ ఎన్నికలు పెడతామని సైన్యం చెప్పినప్పుడు, కుర్రకారు వీధులకడ్డంగా తమైన్లు కట్టారు. అవి దించేదాకా సైనికుల ట్రక్కులు ఆగిపోయాయి. అప్పటినుంచి మా ఇంట్లో ముందు తాడు మావారిది, వెనక చీకటి తాడు మాది.

ఇలా ఉండగా వార్డు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దేశంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చి నూరేళ్ళయినందుకు ఊరేగింపు. (వేసిన ఓటు ఏమైందన్నది వేరే విభాగం చూసుకుంటుంది.) ఆడవాళ్ళు ఇష్టపూర్వకంగా రావాలి. రానివాళ్ళ పేర్లు రాసుకుంటారు. ఇంటి యజమాని సంతకం తప్పనిసరి. ఐదుగురు గుమిగూడడం నిషేధం కాబట్టి నలుగురు నలుగురుగా, ముందు జట్టును ఎరగనట్టు నడవాలి. ప్రతి ఇల్లూ వీధికడ్డంగా ఒక రంగుగుడ్డ కట్టాలి.

గుడ్డ సంగతి మా అత్తగారు నరసమ్మగారు చూసుకున్నారు. పెళ్ళిపందిరైనా, వినాయకుడి మండపమైనా మావాళ్ళు అలంకరించేది చీరలతోనే. ఆవిడ తన నేరేడుపండు రంగు పట్టుచీరను మా బాల్కనీ నుంచి ఎదురింటి తాయారుగారి కిటికీకి కట్టారు.

డప్పు ముందు నడుస్తున్న వార్డు పెద్ద ఊ చిట్ పే గారు చీరకు పది అడుగుల దూరంలో ఆగారు. వెనక ఊరేగింపంతా నలుగురు నలుగురుగా ఆగింది.

"డో నరసమ్మా, ఇది తమైనా?" (బర్మావాళ్ళకు 'గారు' పేరుకు ముందొస్తుంది, ఆడవాళ్ళకది 'డో'.)

"కాదు బాబూ, సీర."

"నడుముకి చుట్టుకుంటారా?"

"సుట్టుకుంటాం. బుజం మీదా ఏసుకుంటాం."

ఆయన సహాయకులతో సంప్రదించి నిర్ణయం ప్రకటించారు. నడుము పైకి వచ్చే భాగం కింద నడవవచ్చు. నడుము కిందికి వచ్చే భాగం కింద నడవరాదు. ఏది ఏదో ఇంటివారు సుద్దతో గీత గీసి చూపాలి.

"కట్టుకుంటే గానీ నాకూ తెలీదు నాయనా," అన్నారు అత్తగారు. "ఆడోళ్ళ పండగని సెప్పి ఆడోళ్ళ గుడ్డ కింద నడవలేరేటి?"

ఎవరూ నవ్వలేదు. (కార్యక్రమంలో నవ్వు లేదు.)

చివరికి అధికారులు, డప్పుతో సహా, వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళారు. ఆడవాళ్ళం చీర కిందనుంచి తిన్నగా నడిచాం. ఓ పావుగంట సేపు వీధి మాది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనన్నాను: "పెద్దవాళ్ళే పక్కదారి పట్టారు. ఇక ముందు తాడు మాకు వదిలేయండి."

"ఓటు పెడదాం," అన్నారు మావారు ఉదారంగా. కన్నతల్లి తనవైపే ఉంటుందని ఆయన నమ్మకం.

తాడు ఆడవాళ్ళకివ్వాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. అత్తగారు అన్నం చెయ్యి ఎత్తారు.

మావారు చారన్నం కలుపుకుంటూ కాసేపు ఆలోచించి నిర్ణయం ప్రకటించారు.

"ఓటర్ల జాబితాలో అవకతవకలున్నాయి. ఈ ఫలితం రద్దు. ఏడాదిలోగా మళ్ళీ పెడతాను."

"అలాగే నాయనా," అన్నారు అత్తగారు.

నేనూ అలాగేనన్నాను. ఆయన చొక్కాలు కూడా అప్పుడే ఉతుకుతాం.