సున్నా రోజుల ఆలస్యం

"ఇకపై మన జిల్లాలో ఏ పని ఎంత ఆలస్యమైందో సెకన్లతో సహా ప్రజలకు తెలిసిపోతుంది!" అని జిల్లా జాప్య నివారణ విభాగం జాయింట్ డైరెక్టర్ వెంకటరాజు గారు రాజమహేంద్రవరంలో విలేకరులను పిలిచి, టీ ఇప్పించి మరీ ప్రకటించారు.

పని జరగలేదని జనం ఇచ్చే అర్జీలన్నీ చేరేది ఆ ఆఫీసుకే. కౌంటరు దగ్గర వాళ్లకు ఇకనుంచి ఏఐ ఏజెంటు జవాబు చెబుతుంది. దానికి సాయంగా ఒక టూలు కూడా ఇచ్చారు. మొదలైన సమయం, ముగిసిన సమయం ఇస్తే మధ్యలో ఎంత గడిచిందో ఆ టూలు చెబుతుంది. అంతకు మించి దానికి ఏమీ రాదు.

అయితే ఆ టూలును ఎప్పుడు, ఎలా వాడాలో ఏజెంటుకు అర్థమయ్యేలా ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ మాన్యువల్ రాసే భాగ్యం కాంట్రాక్టు ఉద్యోగిని తబితకు దక్కింది. రెండేళ్ల సర్వీసు నిండినవాళ్లకే ఈ నెలాఖరున రెన్యువల్. తబితకు మొన్ననే నిండింది. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. అందుకే ఆ పూటే కూర్చుని, అరపేజీలో శుభ్రంగా రాసి పట్టుకెళ్లింది.

వెంకటరాజు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వెనకాల ఏం లేదేంటమ్మా?"

"అంతేనండి. రెండు తేదీలు ఇవ్వడం, జవాబు తీసుకోవడం."

"మంత్రిగారు ఆవిష్కరించాల్సిన గ్రంథం ఇది. అరపేజీ పట్టుకుంటే ఫొటోలో బస్సు టికెట్టులా కనబడుతుంది. అసలు కాలం అంటే ఏంటి, అక్కణ్నించి మొదలెట్టు."

తబిత అక్కణ్నించే మొదలెట్టింది. కాలం నిర్వచనం పదకొండు పేజీలు వచ్చింది. రాహుకాలానికి ఒక అనుబంధం, సారు క్యాంపులో ఉన్న సమయానికి మరొకటి చేరాయి. భోజన విరామాన్ని 'ఒంటిగంట నుంచి భోజనం అయ్యేవరకు' అని వెంకటరాజు గారే స్వయంగా దిద్దారు.

"ఉదాహరణకి పోలవరం పెట్టనాండి? అందరికీ తెలిసిందే కదా."

"మొదలైన తేదీ రాస్తావు సరే, రెండో గడిలో ఏం పెడతావమ్మా?" అన్నారాయన. ఆ దూరదృష్టికి తబిత మనసులోనే దణ్ణం పెట్టి, పోలవరాన్ని కొట్టేసింది.

పుస్తకం నూట ఇరవై పేజీలకు చేరాక ప్రయోగం చేశారు. కాలవ కింద పల్లె నుంచి చిట్టియ్య అనే రైతు వచ్చాడు. పొలానికి నీరొచ్చే తూము బాగుచేయించమని అర్జీ పెట్టుకున్నవాడు. ఏజెంటు అతని నంబరు తీసుకుని, టూలును అడిగి, "మీరు అర్జీ ఇచ్చి నూట అరవై మూడు రోజులైందండి" అంది.

చిట్టియ్య మొహం వెలిగిపోయింది. "చూసేరా అమ్మా! నేను చెబితే ఎవరూ నమ్మలేదండి. మిషనుకి తెలిసిపోయింది!"

వెంకటరాజు గారి మొహం మాత్రం పాలిపోయింది. తబితను లోపలికి పిలిచారు.

"అడిగినవాడికల్లా నిజం చెప్పేస్తోందేంటమ్మా?"

"టూలు లెక్క కరెక్టేనండి."

"టూలుని ఎవరన్నారు? లోపం మాన్యువల్‌లో ఉంది. అర్జీ ఇచ్చినప్పుడు సమయం మొదలవుతుందని రాశావు. ఎలా మొదలవుతుంది? ఆఫీసరు చూస్తేనే కదా మొదలయ్యేది! ఇది సరిచెయ్యి. అసలే నెలాఖరు దగ్గర పడుతోంది."

తబిత సరిచేసింది. 'ఫైలును అధికారి చూసిన క్షణమే ప్రారంభ సమయం. అంతవరకు గడిచిన కాలాన్ని సున్నాగా భావించవలెను.' ఏజెంటుకు ఏ సందేహమూ మిగలకుండా రెండు ఉదాహరణలు కూడా ఇచ్చింది. ఆ పుస్తకం మొత్తంలో బాగా కుదిరిన పేజీ అదే.

మర్నాడు ఏజెంటు చిట్టియ్యతో, "సున్నా రోజులైందండి" అంది.

"నిన్న నూట అరవై మూడంది కదమ్మా?"

"మాన్యువల్ మారిందండి" అంది తబిత తల దించుకుని. ఆమెకు నిజంగానే సిగ్గేసింది.

"ఆయ్. అయితే నేనింకా రాలేదన్నమాటండి" అని, చిట్టియ్య ఎంతో మర్యాదగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

మంత్రిగారు వచ్చారు, రెండు చేతులతో పుస్తకం ఎత్తి చూపించారు. పెండింగులో ఉన్న అర్జీలు పంతొమ్మిది వందలు, మొత్తం ఆలస్యం సున్నా రోజులు అని ఏజెంటు ప్రకటించగానే చప్పట్లు ఆగలేదు. జిల్లాకు రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. వెంకటరాజు గారికి శాలువా కప్పారు. ఆ ఊపులో ఆయన, పక్షపాతం లేకుండా ఉండాలని, కాంట్రాక్టు రెన్యువళ్లు కూడా ఏజెంటుకే అప్పగించారు.

నెలాఖరు రోజు తబిత తన నంబరు కొట్టింది.

"మీ సర్వీసు సున్నా రోజులండి" అంది ఏజెంటు. "మీ జాయినింగ్ రిపోర్టును అధికారి ఇంకా చూడలేదు."

తబిత పరుగున లోపలికి వెళ్లింది. "సార్, నా రిపోర్టు రెండేళ్లుగా మీ టేబుల్ మీదే ఉందటండి. ఒక్కసారి చూసి, నేను చేరిన రోజే చూసినట్టు తేదీ వేసేయండి. ఇవాళే ఆఖరు."

"ఎంత మాటన్నావమ్మా! ఆ తేదీ వేస్తే రెండేళ్ల ఆలస్యం నా పేరున పడిపోదూ? ఇవాళ చూసినా ఇవాళ్టినుంచి లెక్క మొదలైపోతుంది. అవార్డుకి మన పేరు ఢిల్లీ వెళ్లింది."

వెంకటరాజు గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"అది నా కంటబడకుండా బోర్లించి తీసుకెళ్లమ్మా. జాగ్రత్త, దాని కింద చిట్టియ్యది కూడా ఉంటుంది."