పుల్లమ్మకు చుట్టాలు కలిసిన విధం

కార్మికుల కష్టాలు రెండే రకాలని చట్టం ఎప్పుడో తేల్చేసింది: ఒకరికి వచ్చేవి, పదిమందికీ వచ్చేవి. ఏది ఏ రకమో తేలేదాకా కష్టపడేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మార్కాపురంలో పుల్లమ్మ ఇంట్లో ఈ సంగతి చెంబెడు నీళ్ల దగ్గర ఆగిపోయి మూడు రోజులైంది.

"తాగబాకు అంటిని గదా. పొద్దున తాగితే మధ్యాన్నం యాడికి పోతావు?" అంది అత్త అంకాలమ్మ.

"తాగకపోతే ఒంటేలు మంట అత్తా. రోజుకు మూడు లీటర్లు తాగమని డాక్టరమ్మ చెప్పింది."

"ఆ డాక్టరమ్మను ఓ పూట పలకల షెడ్డులో కూసోబెడితే తెలుస్తాది" అన్నాడు భర్త గోవిందయ్య. ఆయన గొర్రెలు కాస్తాడు. (ఆయన పనిచేసే చోటు కొండ అంచుదాకా ఉంటుంది కాబట్టి ఈ సమస్య రాలేదు.)

పలకలకు చట్రాలు బిగించే ఆ షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లు. బాత్‌రూము ఉంది. దానికి తాళమూ ఉంది. తాళంచెవి యజమాని కృష్ణమూర్తి జేబులో ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు కొత్తగా కనబడాలి కాబట్టి బాత్‌రూమును ఎవరూ వాడకుండా కాపాడుతున్నాడు.

డిగ్రీ చదివే కూతురు హేమలత ఫిర్యాదు రాసిచ్చింది. పుల్లమ్మ దాన్ని కార్మిక శాఖలో వివాదాల వర్గీకరణాధికారి ఫణికుమార్ దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన రెండుసార్లు శ్రద్ధగా చదివాడు.

"మిమ్మల్ని పనిలోంచి తీసేసినారా?"

"లేదు సార్."

"అయ్యో" అన్నాడాయన నిజంగానే నొచ్చుకుని. "తీసేసుంటే ఒక్కరే వచ్చినా తీసుకుందును. పని ఉండగా ఒక్కరికి ఇబ్బందైతే అది వ్యక్తిగతం. పదిమందీ కలిసి అడిగితే సామూహికం."

"ఒంటేలు పదిమందికీ వస్తాది గదా సార్?"

"రావచ్చమ్మా. కాగితం మీద మాత్రం మీ ఒక్కరికే వచ్చింది."

సామూహిక ఫారం ఇచ్చి పంపాడు. పదకొండు మందీ సంతకాలు పెట్టారు. అందులో 'ఫిర్యాదుదారుతో సంబంధం' అని ఒక గడి ఉంది. తోటి కార్మికురాలు అని రాయాలట. ఆ మాటతో ఆ షెడ్డులో ఎవరూ ఎవరినీ పిలిచిన పాపాన పోలేదు. ఏళ్లుగా పిలుచుకునేదే రాశారు. మల్లి 'పిన్నమ్మ' అని, ఎలీషబా 'వదిన' అని, ఫెబీ 'కోడలు' అని. 'యజమానితో సంబంధం' దగ్గర అందరూ ఒకే మాట రాశారు: 'మామ.'

తొమ్మిది రోజుల పరిశీలన తర్వాత ఉత్తర్వు వచ్చింది. "ఇరుపక్షాలవారూ ఒకే కుటుంబీకులని వారి రాతపూర్వక అంగీకారం వల్లనే రుజువైనందున, ఇది కార్మిక వివాదం కానేకాదు. ఇంటి విషయం. ఇంట్లోనే పరిష్కరించుకోవలెను." కింద గుండ్రటి ముద్ర. (గ్రామదేవతకు మొక్కే పుల్లమ్మకు, ఆదివారం చర్చికి పోయే ఎలీషబా వదిన ఎట్లయిందని ఫణికుమార్ అడగలేదు. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం ఈ రోజుల్లో అరుదని ముచ్చటపడ్డాడట.)

హేమలత చదవడం ముగించింది.

"చెప్తే వింటివా? ఇప్పుడు సంతకాలు పెట్టినోళ్లందరి పనీ పోతాది" అంది అంకాలమ్మ.

"ఇంగ ఊరుకో మే" అన్నాడు గోవిందయ్య పెళ్లాంతో.

పుల్లమ్మ ఆఖరి వాక్యం మళ్లీ చదివించుకుంది. చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. మూతి తుడుచుకుని, ముగ్గురికీ వినబడేంత గొంతుతో నెమ్మదిగా చెప్పింది.

"రేపట్నించి మేం పదకొండు మందిమీ కృష్ణమూర్తి మామ ఇంటికి పోతాం. షెడ్డు గోడకు ఆనుకునే గదా ఉండేది, రెండు బాత్‌రూములుండాయి. ఆయన పెళ్లాం కోటిరత్నం అత్తకు ఫోన్ చేసి చెప్తా. ఇది సర్కారు కలిపిన చుట్టరికం అత్తా, పండగలకు పిలవకపోయినా ఏమనుకోం, రోజుకు రెండుసార్లు మాత్రం వస్తాం అని."