గులాబీ అడుగున ఏముంది?

ఆ ఆదివారం పొద్దున వెంకటేశ్వరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను కాగానే పక్కింటి జమీలాతో ఆటోలో నర్సరీకి వెళ్లాలి, రెండు ఎర్ర గులాబీ మొక్కలు తేవాలి, చెరొక బాల్కనీలో పెట్టుకోవాలి. మంగళగిరిలో వాళ్లు అద్దెకుండే మేడమీది పోర్షన్లకు బాల్కనీ అంటే మంచం వేస్తే నిండిపోయేంత. రెండు బాల్కనీలకీ మధ్య నడుమెత్తు గోడ.

మొక్కలు సరదాకి కాదు. జమీలా భర్త బుడే, మగ్గాల దగ్గర్నుంచి చీరలు తెచ్చి ఇన్నాళ్లూ షాపులకు వేసేవాడు. ఈసారి శ్రావణ శుక్రవారం పొద్దున ఆడవాళ్లిద్దరూ ఫోన్‌లో లైవ్ పెట్టి తామే అమ్ముదామనుకున్నారు. మొదటి లైవ్ బాగా జరిగితే బుడే ఇక సరుకంతా వీళ్లకే ఇస్తానన్నాడు. తేలిపోతే మళ్లీ షాపులకే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఫలానావాళ్ల ఆవిడ అనిపించుకోవడమే గానీ, తన పేరు పెట్టి పిలిచేవాళ్లు లేని వెంకటేశ్వరమ్మకు ఆ శుక్రవారం మీదే ప్రాణం. ఆకుపచ్చ చీర వెనక ఎర్ర గులాబీ కనబడితే చూసేవాళ్లు కళ్లు తిప్పుకోరని జమీలా చెప్పింది.

వెంకటేశ్వరమ్మ భర్త శివనాగరాజు కూడా నర్సరీకి బయల్దేరాడు. ఎవరూ పిలవలేదు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ల తరఫున కాయ చూసే గుమాస్తా. బస్తా పైన నిగనిగలాడే కాయ పోసి, అడుగున తెల్లబోయిన తాలుకాయ దాచేవాళ్లను పట్టుకోవడమే ఆయన పని. అందుకని మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ తీస్తే గానీ దేన్నీ నమ్మడు. మామిడిపళ్ల బుట్ట దగ్గరా అంతే, పెళ్లి భోజనంలో పులిహోర గిన్నె దగ్గరా అంతే. సీజను అయిపోయి పని తగ్గింది కాబట్టి ఆ చెయ్యి ఇప్పుడు ఇంట్లో ఖాళీగా ఉంది.

నర్సరీ జక్రయ్య రెండు మొక్కలు తెచ్చి ముందు పెట్టాడు.

"పొట్టి రకం గులాబీ అండి. గుబురుగా ఉంటది గానీ ఎత్తు పెరగదు. చిన్న బాల్కనీకి ఇదే కరెక్టు. కాస్త ఎండ తగలాలి, మట్టి ఆరినప్పుడు నీళ్లు పొయ్యాలి. అంతే."

"మందు కొట్టక్కర్లేదా?" అన్నాడు శివనాగరాజు.

"పెద్దగా అక్కర్లేదండి."

"పురుగు?"

"దీనికి తక్కువేనండి."

శివనాగరాజు అతని ముఖంలోకి తేరిపార చూశాడు. ఆయన ఎరిగిన చేలల్లో మిరపమొక్కకు మందు కొట్టీ కొట్టీ రైతు భుజం కాయలు కాస్తుంది. అలాంటిది మందడగని మొక్కా? "పురుగు కూడా వద్దనుకుందంటే ఇందులో ఏదో ఉంది. కవరు ఇప్పి అడుగు చూపించు."

"బాగున్న మొక్కని ఎందుకు కదిలించడం అండీ..."

"చూశావా, చూపించనంటున్నాడు!" అన్నాడు శివనాగరాజు భార్యతో.

"మీరు ఆటోలో కూర్చోండి," అంది వెంకటేశ్వరమ్మ.

మొక్కలు ఇంటికొచ్చాయి, కుండీలకెక్కాయి. జమీలా మొక్కకు నాలుగు మొగ్గలు, వీళ్ల దానికి ఒకటి. శివనాగరాజుకి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారుతుండగా, భార్య లేవకముందే, మొక్కను మొదలు పట్టుకుని కుండీలోంచి పైకి లాగాడు. వేళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. తాలు లేదు. తిరిగి పెట్టి, మట్టి నొక్కి, నీళ్లు పోసి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకున్నాడు.

మర్నాటికి ఆకులు వేలాడాయి. "అనుకున్నా," అనుకుని, రాత్రికి రాత్రి అడుగున ఏం జరిగిందో చూద్దామని మళ్లీ లాగాడు. ఆ మర్నాడు ఇంకాస్త వేలాడాయి. ఇంకోసారి లాగాడు. అది మొదలు పొద్దున్నే పళ్లు తోముకోవడం, మొక్క అడుగు చూడడం రెండూ ఆయనకు అలవాటైపోయాయి. గోడకవతల జమీలా మొక్క మాత్రం పెళ్లికూతురిలా కళకళలాడుతోంది.

ఒక శనివారం కుండీలో వాడేసిన టీపొడి, గుడ్డుపెంకుల నలుసులు కనబడ్డాయి. శివనాగరాజు ఒక పెంకు తీసి వెలుగులో తిప్పి చూశాడు.

"ఏమే, శనివారం మనింట్లో గుడ్డు వండుతామా?"

"రామ రామ, శనివారం గుడ్డేంటండీ?"

"మరి ఇదెక్కడిది?"

"కాకి పడేసి ఉంటది."

"కాకి టీ కూడా తాగిందా?"

ఆయనకు అంతా అర్థమైపోయింది. లైవ్‌లో తన మొక్కే కనబడాలని జమీలా గోడ మీదుగా ఏదో వేసి వీళ్ల మొక్కను చంపుతోంది. పైకి అన్నయ్యా అన్నయ్యా అంటూనే! భార్యతో చెబితే నమ్మదు. సాక్ష్యం కావాలి. ఆదివారం తెల్లవారుజామున రెండు కుండీలూ గోడ మీదుగా అటుదిటూ ఇటుదటూ మార్చేశాడు. వాడిన మొక్క అటు, మొగ్గల మొక్క ఇటు. "ఇప్పుడు వెయ్యమను, తన మొక్క మీదే పడుద్ది," అనుకున్నాడు. అనుమానితుల ఇంటి నుంచి వచ్చిన సరుకు కాబట్టి కొత్త మొక్క అడుగు మరింత శ్రద్ధగా చూశాడు.

మంగళవారానికి మొగ్గల మొక్క తలలు వాల్చేసింది. గోడకవతల వాడిన మొక్క నిటారుగా లేచి, ఉన్న ఒక్క మొగ్గనూ పైకెత్తింది. శివనాగరాజు గోడ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. చంపడమే కాదు, బతికించే మందు కూడా ఆమె దగ్గరుంది!

గురువారం సాయంత్రం జమీలా చీరల మూట తెచ్చి హాల్లో దించింది. రేపే లైవ్. వెంకటేశ్వరమ్మ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెడుతోంది. శివనాగరాజు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా జమీలా, మా మొక్కకి ఏం పోస్తున్నావు?"

"టీపొడి, గుడ్డుపెంకులు అన్నయ్యా. పాపం వాడిపోతుంటే చూడలేక. గులాబీకి బలం గదా."

"ఆ బలానికే చచ్చిపోతోంది! నీ మొక్కే టీవీలో... అదే, లైవ్‌లో కనబడాలనేగా?"

జమీలా వంగి మూట ముడి బిగించింది. "లైవ్ వద్దులే వదినా. మొక్క దగ్గరే నమ్మకం లేకపోతే రేపు డబ్బుల దగ్గరేం ఉంటది? ఈ చీరలు మా ఆయన షాపులకే వేసుకుంటాడు."

"జమీలా, ఆగు!" వెంకటేశ్వరమ్మ మూట పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమండీ, ఇన్నేళ్లకి నేనొక పని చేసుకుందామనుకుంటే, మీ నోరు ఊరుకోదా?"

"ఊరికే అంటున్నానా? రుజువు చూపిస్తా రండి!"

ఇద్దర్నీ బాల్కనీలోకి తీసుకెళ్లాడు. మొక్క మొదలు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఒక్క ఊపు కూడా అక్కర్లేదు. నెయ్యి రాసిన గిన్నెలోంచి ఇడ్లీ జారినట్టు, వేళ్లతో సహా మొక్క బయటికొచ్చింది.

"ఇదుగో, అడుగు చూడండి!"

ఆడవాళ్లు అడుగు చూడలేదు. ఆయన చెయ్యి చూశారు.

"అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది?" అంది వెంకటేశ్వరమ్మ మెల్లగా. "పెట్టి ఇన్నాళ్లయింది గదా. వేళ్లు మట్టి పట్టుకోలేదా?"

"ఎందుకు పట్టుకుంటాయి? రోజూ తీసి చూస్తున్నాగా!" అన్నాడు శివనాగరాజు గర్వంగా.

కింద వీధిలో కూరగాయల బండి మైకు ఒక్కటే వంకాయల ధర చెబుతోంది. తన మాట తన చెవికే చేరడానికి ఆయనకు కొంచెం టైము పట్టింది. చేతిలో మొక్క బరువెక్కింది.

"రోజూనా?" అంది భార్య.

"అంటే... ఆదివారాలు కూడా."

జమీలా మూట కింద పెట్టింది. "కుండీలు మార్చింది కూడా నాకు తెలుసు అన్నయ్యా. నా కుండీ అంచు కొంచెం చిట్లి ఉంటది. మొన్ననే చూశా."

"తెలిసీ అడగలేదా?"

"ఎందుకు అడగాలి? అన్నయ్య మార్చాడంటే ఏదో మంచికే అయ్యుంటదనుకున్నా."

శివనాగరాజు తలెత్తలేకపోయాడు. యార్డులో ఎంతమంది తిట్టినా ఆయనకు ఇంత సిగ్గనిపించలేదు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. మొక్కను మళ్లీ కుండీలో దించబోతే వెంకటేశ్వరమ్మ లాక్కుని జమీలా చేతికిచ్చింది.

జమీలా రెండు షరతులు పెట్టింది. రెండు కుండీలూ ఇకనుంచి గోడకు అవతలే ఉంటాయి. లైవ్ జరిగినంతసేపూ ఫోను అన్నయ్యే పట్టుకోవాలి.

"రెండు చేతుల్తో," అంది వెంకటేశ్వరమ్మ.

శుక్రవారం పొద్దున ఆ ఒక్క మొగ్గ విచ్చింది. ముదురు ఎరుపు, అరచెయ్యంత పువ్వు. జమీలా బాల్కనీలో, ఆకుపచ్చ చీర విప్పి పట్టుకుని వెంకటేశ్వరమ్మ నిలబడింది. మొదట గొంతు వణికింది. నాలుగో చీరకి కుదురుకుంది. "వెంకటేశ్వరమ్మ గారూ, ఆ కొంగు మళ్లీ చూపించండి" అని ఎవరో పేరు పెట్టి రాస్తే, విని ఒక్క క్షణం ఆగి మరీ చూపించింది. చీరలు చకచకా అమ్ముడుపోతున్నాయి. శివనాగరాజు రెండు చేతులతో ఫోను పట్టుకుని, వచ్చిన మెసేజీలు గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

ఉన్నట్టుండి ఆయన చదవడం ఆపేశాడు.

"చదవండి అన్నయ్యా," అంది జమీలా.

"ఎవరో ఆవిడ... వెనక ఉన్నది ప్లాస్టిక్ పువ్వా అంటోంది. అంత చిన్న మొక్కకి అంత పువ్వు రాదంట. ఒక ఆకు తుంచి చూపిస్తే నమ్ముతానంటోంది."

"పోనీ ఒక ఆకేగా..." అంది వెంకటేశ్వరమ్మ.

"తుంచడమా?" శివనాగరాజు ఫోనులోకి మండిపడ్డాడు. "ఏమ్మా, పచ్చగా బతుకుతున్న మొక్కమ్మా ఇది! కళ్లెదురుగా కనబడుతుంటే నమ్మవా? ప్రతిదానికీ అనుమానమేనా? ఇట్లాంటి మనుషులతో ఎట్లా వేగుతారమ్మా మీ ఇంట్లో?"

చూస్తున్నవాళ్లంతా నవ్వుల బొమ్మలు పెట్టారు. మధ్యాహ్నానికి మూట ఖాళీ అయింది. బుడే వచ్చి, వచ్చే శుక్రవారానికి ఎన్ని చీరలు తెమ్మంటారని ఆడవాళ్లనే అడిగాడు.

ఆకు అడిగినావిడ మాత్రం చీర కొనలేదు. ఆమె ఎవరో, ఏ ఊరో తెలియదు గానీ, గుంటూరు యార్డులో ఎప్పుడో ఒకప్పుడు కాయ చూసిన మనిషే అయ్యుంటుందని శివనాగరాజు అనుమానం.