డిక్కీలో చెవి డాక్టరు

ఆ ఆదివారం పొద్దున చెవి డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తిని, కారులో వచ్చే చప్పుడెక్కడిదో కనిపెట్టి, భోజనాల వేళకు చేతులు కడుక్కుని కూర్చోవాలి. అంతే.

వారమంతా జనం చెవుల్లోకి తొంగిచూసే ఆ పెద్దమనిషి, ఆదివారం వస్తే కారు బానెట్ కింద తలదూర్చేవాడు. రెండే సీట్లున్న ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారు అది. ఆయన పెళ్ళికంటే వయసులో పెద్దది. గారాబంలో కూడా పెద్దదేనని భార్య అభిప్రాయం. కార్బురేటరు విప్పి కడిగినా, ప్లగ్గులు గీకినా, బ్రేకులు సరిచేసినా అన్నీ స్వహస్తాలతోనే. మెకానిక్ అనేవాణ్ణి గేటు దాటనిచ్చేవాడు కాదు. ఇంజను మీద స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని, "రెండో సిలిండరు కొంచెం నీరసంగా ఉంది" అని చెప్పగల దిట్ట.

అంతటి చెవికీ ఈ కొత్త చప్పుడు చిక్కలేదు. ఎలకపిల్ల తోక తొక్కినట్టు కిచ్, కిచ్ మంటుంది. ఆయనొక్కడే బండి తీస్తే రాదు. పక్కన భార్య కూర్చుని, బండి గుంతలో పడితే చాలు, మొదలవుతుంది.

"ఇద్దరి బరువూ పడేసరికి వెనక స్ప్రింగు మూలుగుతోంది," అని తేల్చాడు డాక్టరు.

"ఇద్దరి బరువా, నా బరువా? సరిగ్గా చెప్పండి," అంది భార్య. ఆవిడ బడిలో హెడ్మిస్ట్రెస్. సరిగ్గా చెప్పనివాళ్ళను బెంచీ ఎక్కించడం ఆవిడ వృత్తి.

డాక్టరు చట్నీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే వినండి. ఇవాళ్టితో ఆ చప్పుడన్నా పోవాలి, ఈ కారన్నా పోవాలి. నా తల పగిలిపోతోంది."

డాక్టరు టిఫిను సగంలోనే వదిలి లేచాడు. చప్పుడు వెనకుంది, తన చెవులేమో ముందున్నాయి. చెవులను వెనక్కి చేర్చాలి. వెనక సీటు లేదు, ఉన్నది డిక్కీ ఒక్కటే. తను డిక్కీలో ఉంటే బండి నడిపేదెవరు? పెళ్ళయినప్పటినుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వని స్టీరింగును, గుండె రాయి చేసుకుని, భార్య చేతికిచ్చాడు.

స్పేరు టైరు తీసి పక్కన పెట్టి, స్టెతస్కోపు, టార్చి పట్టుకుని, మడతమంచంలా ముడుచుకుని డిక్కీలో పడుకున్నాడు. మూత పూర్తిగా పడకుండా తాడు కట్టించాడు. డిక్కీకి వేరే తాళంచెవి ఉంది. భార్య ఎక్కడన్నా పారేస్తుందని దాన్ని తన జేబులోనే వేసుకున్నాడు.

"క్లచ్ మీద ఊరికే కాలు ఉంచకు. గేరు మెల్లిగా మార్చు. ముప్పై దాటకు."

"ముందు మీరు తల లోపల పెట్టుకోండి," అంది భార్య.

వీధి మలుపులో స్పీడు బ్రేకరు దగ్గర తాడు పుటుక్కున తెగింది. మూత ధభీమని పడి బిగుసుకుపోయింది. టెయిల్ లైటు పక్కన తుప్పు తిన్న కన్నంలోంచి గాలి వస్తోంది గనుక ప్రాణానికి ఢోకా లేదు. డాక్టరు కూడా కంగారుపడలేదు. ఆయన బాధల్లా వేరే. బండి గుంతలో పడుతోంది, లేస్తోంది, చప్పుడు మాత్రం రావడం లేదు!

"ఇంకా గట్టిగా పోనీ! ఎడమవైపు గుంతలో దించు!" అని అరిచాడు.

ముందున్నావిడకు అది వినపడలేదు. చెప్పకుండానే గట్టిగా పోనిచ్చింది. రోజూ బడికి డబ్బాలాంటి చిన్న కారులో వెళ్ళే మనిషికి ఆ పొడవాటి ఎర్ర బానెట్, కాలు ఆనిస్తే చాలు పులిలా గుర్రుమనే ఇంజను, ఎదురుగాలి, అన్నీ కొత్తగా ఉన్నాయి. ఆవిడ మూడో గేరు కనిపెట్టింది. కాసేపటికి నాలుగోది కూడా.

సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. వెనక ఒక స్కూటరాయన వచ్చి ఆగాడు. అదే సమయానికి డిక్కీలో డాక్టరు టార్చి వేసి చూసి, "స్ప్రింగు ఆడటం లేదు! అసలు ఏమీ ఆడటం లేదు!" అని కేక పెట్టాడు. మూత సగం మాటలు మింగేసింది. స్కూటరాయనకు చేరింది, "ఊపిరాడటం లేదు" అని.

ఆయన స్కూటరు అక్కడే స్టాండు వేసి ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికి పరిగెత్తాడు.

కానిస్టేబుల్ వచ్చి కిటికీలోకి వంగాడు. "అమ్మా, డిక్కీలో ఎవరు?"

"మావారు."

"డిక్కీలో ఎందుకున్నారు?"

"చప్పుడు వినడానికి."

కానిస్టేబుల్ చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇవ్వండి."

"అది ఆయన దగ్గరుంది. లోపల."

కానిస్టేబుల్ వెనక్కి వెళ్ళి మూత మీద తట్టాడు. "సార్, మీరు మీ ఇష్టంతోనే లోపల ఉన్నారా?"

"బండి ఎందుకాపావు? పోనీ, పోనీ!" అని వినపడింది లోపలినుంచి.

"భయపడి పారిపొమ్మంటున్నాడు, పాపం," అన్నాడు స్కూటరాయన.

ఇక లాభం లేదని కానిస్టేబుల్ పక్క సీట్లో కూర్చుని, "స్టేషనుకు పోనివ్వండమ్మా," అన్నాడు. బండి కదిలి మొదటి గుంతలో పడింది.

కిచ్!

"వచ్చింది! వచ్చేసింది!" అని డిక్కీ దద్దరిల్లింది.

కానిస్టేబుల్ చెవులు నిక్కించాడు. కుర్రతనంలో గ్యారేజీలో పనిచేసిన ప్రాణం అది, ఊరుకోదు. "ఇదేనా అమ్మా ఆ చప్పుడు? ఇది షాకబ్జార్బరు బుష్షు, రబ్బరు అరిగింది."

"బుష్షు కాదు, స్ప్రింగు!" అంది డిక్కీ.

"బుష్షే సార్! కావాలంటే ఈ మలుపులో చూడండి. అమ్మా, కుడికి తిప్పండి!"

ఆవిడకు కావలసిందీ అదే. కూడలి మధ్య గడ్డిదిబ్బ చుట్టూ బండి గిరగిరా తిరిగింది. కిచ్, కిచ్. బుష్షు, స్ప్రింగు. స్కూటరాయన కూడా స్కూటరెక్కి వెనకే వస్తున్నాడు. లోపల చేతులూపుతూ అరుస్తున్న కానిస్టేబుల్‌ను చూసి, వెంటనే స్టేషనుకు ఫోను చేశాడు. "సార్, ఒకావిడ ఇందాక మొగుణ్ణి ఎత్తుకుపోయింది. ఇప్పుడు పోలీసును కూడా ఎత్తుకుపోతోంది."

జీపు అడ్డం వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి, మారు మాట్లాడకుండా డిక్కీ మీద ఒక్క గుద్దు గుద్దాడు. మూత తెరుచుకుంది. ఒళ్ళంతా గ్రీజు పూసుకుని, చెవుల్లో స్టెతస్కోపుతో డాక్టరు లేచి కూర్చుని, "అప్పుడే ఎందుకాపారు?" అన్నాడు.

జరిగింది భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఒక్క ముక్క నమ్మలేదు. "నేనే వింటాను," అని టోపీ తీసి, పొట్ట బిగబట్టి, డిక్కీలో దూరాడు. డాక్టరు మీద నిఘాకు కానిస్టేబుల్ రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆవిడ నడపగా బండి వెళ్ళి దుమ్ములేపుకుంటూ తిరిగొచ్చింది.

"ఏ చప్పుడూ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు పైకి లేస్తూ. "అందరూ కలిసి నాటకమాడుతున్నారు. ఏమయ్యా కానిస్టేబులూ, ఇందులో నువ్వు కూడానా?"

"ఒట్టు సార్, నేను విన్నాను!"

డాక్టరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. టార్చి తీసి, అడక్కుండానే ఇన్‌స్పెక్టరు చెవిలోకి చూశాడు. "ఎలా వినపడుతుంది? గులిమి గోడ కట్టింది. రెండో చెవి ఇటు తిప్పండి. ఇక్కడా గోడే. రేపు క్లినిక్కుకు రండి."

కేసు పెట్టాలో, అపాయింట్‌మెంటు తీసుకోవాలో ఇన్‌స్పెక్టరుకు తోచలేదు. ఉద్యోగం ఊడుతుందన్న బెంగతో కానిస్టేబుల్ తలుపు తెరిచి, కారు పక్క సీట్లో కూలబడ్డాడు. ఇంజను ఆగి ఉంది. బండి కదలడం లేదు.

కిచ్!

అందరూ అటు తిరిగారు. కానిస్టేబుల్ భయంభయంగా కొంచెం పైకి లేచాడు. కిచ్. మళ్ళీ కూర్చున్నాడు. కిచ్. గులిమి గోడలు దాటుకుని అది ఇన్‌స్పెక్టరుకు కూడా చక్కగా వినపడింది.

"సీటు," అన్నాడు కానిస్టేబుల్. "బుష్షు కాదు సార్."

"స్ప్రింగే," అన్నాడు డాక్టరు నీళ్ళు నములుతూ. "సీటు స్ప్రింగు."

భార్య స్టీరింగు వదలకుండానే అడిగింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను కూర్చుంటున్న సీటు కదండీ అది. మీరెప్పుడన్నా ఒక్కసారి కూర్చుని చూశారా?"

ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ చూసిన డాక్టరు ఆ ప్రశ్న విననట్టు నటించాడు. నటన కుదరలేదు.

"ఇవాళ కూర్చోండి," అంది ఆవిడ.

జీపు వెళ్ళిపోయింది. స్కూటరాయన తన స్కూటరు నో పార్కింగులో ఉందని కానిస్టేబుల్ గుర్తుచేసేదాకా అక్కడే నిలబడ్డాడు. డాక్టరు తన కారులో మొదటిసారి పక్క సీట్లో కూర్చుని, ప్రతి గుంతకూ కిచ్‌మంటూ ఇంటిదాకా వెళ్ళాడు. క్లచ్ గురించి ఒకసారి నోరు తెరిచాడు గానీ, బండి నడుపుతున్నప్పుడు మాట్లాడకూడదని హెడ్మిస్ట్రెస్ చెప్పింది.

నిజానికి అది రెండు చుక్కల నూనెతో పోయే చప్పుడు. కానీ మర్నాటినుంచీ ఆ ఎర్ర కారే బడికి వెళ్తోంది. నూనె వెయ్యాలంటే అది ఇంటి దగ్గర ఉండాలి కదా.