మోహన్‌కుమార్ వైర్‌లెస్ రిపేరు

ఆయుధపూజనాడు హోసూరులో యంత్రాలన్నిటికీ సెలవు. సుధామణికి మాత్రం లేదు. ఆమె పనిచేసే బెంగళూరు ఆఫీసుకు పనిచ్చే విదేశీ కంపెనీవాళ్లకు ఇలాంటి పండగ ఒకటుందని ఇంకా ఎవరూ చెప్పలేదు.

అయినా ఆమె హుషారుగానే ఉంది. ఇంట్లోనే కూర్చుని పన్నెండులోపు ఫైలు పంపిస్తే, ఇకమీదట వారానికి రెండు రోజులు ఇంటినుంచే పని చేసుకోవచ్చని మేనేజరు మాటిచ్చాడు. పంపలేకపోతే ఆ ఊసే ఎత్తవద్దన్నాడు. రోజూ చీకటితో లేచి బెంగళూరు బస్సులో నిలబడి ఆమె ప్రాణం విసిగిపోయింది.

పదకొండుకు ఫైలు సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే నెట్టు పోయింది.

"ఏమండీ, నెట్టు రాలేదు!"

భర్త మోహన్‌కుమార్ ఈ పిలుపు కోసమే ఏడాదిగా కాచుకున్నాడు. ఫ్యాక్టరీలో అతనిది క్వాలిటీ విభాగం, అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టడం. వైర్‌లెస్ బాక్సును తానే తెచ్చి, తానే బిగించి, వీధి వీధంతా చాటుకున్న ఘనుడు.

"నువ్వు జరుగు. ఇది టెక్నికల్ విషయం," అని కంప్యూటరును ఆపి మళ్లీ వేశాడు. లాభం లేకపోయింది. అప్పుడు బాక్సు మీది కుంకుమబొట్లు కంటబడ్డాయి.

"అమ్మా! నీ కుంకుమ లోపలికి పోయి బాక్సు చెడిపోయింది!"

తల్లి మారక్క వంటింట్లోంచి వచ్చింది. "మిక్సీకి పెట్టినాను, నీ స్కూటరుకీ పెట్టినాను. అవి చెడిపోయినాయా? పూజలో పెట్టిన సామాను, గుమ్మడికాయ కొట్టేదాకా ముట్టొద్దురా!"

అతను తడిగుడ్డతో బొట్లు తుడిచాడు. తీగలు పీకి మళ్లీ గుచ్చాడు. దాంతో ఇంటి ఫోను కూడా మూగబోయింది. సెల్‌ఫోన్‌లో కస్టమర్ కేర్‌కు చేస్తే, బాక్సు వెనక వైర్‌లెస్‌కు చిన్న బటనుంటుంది, నొక్కి ఉందో లేదో చూడమని ఒకమ్మాయి తమిళంలో మర్యాదగా చెప్పింది.

"నాకా బటన్లు నేర్పించేది?" అని ఫోను పెట్టేసి, పూజపళ్లెంలోని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఆయుధపూజనాడు ఆయుధం ఎత్తినావా! ఇంగ నేను కర్పూరం వెలిగించను, పో!" అని మారక్క అలిగి గడప మీద కూర్చుంది.

పావుగంట మాత్రమే మిగిలింది. సుధామణి ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని పక్కింటి శేషప్ప దగ్గరికి పరుగెత్తింది. అక్కడ వసారాలో కుట్టుమిషను, డ్రిల్లింగ్ మిషను, వాటి పక్కనే అచ్చం తమలాంటి బాక్సు, వరసగా బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి.

"అన్నా, ఒక్క ఫైలు పంపించుకుంటాను!"

"అయ్యో సుధామణమ్మా! పదకొండుకే ప్లగ్గు తీసి పూజలో పెట్టినానే. గుమ్మడికాయ కొట్టల్ల. పూజారప్ప యాడ ఉండాడో!"

సుధామణికి ఏడుపు ఆగలేదు. "ఇంగ జన్మంతా ఆ బస్సేనన్నా నాకు!"

"ఏడవద్దమ్మా. దేవుడు ఏమీ అనుకోడులే," అని శేషప్ప తానే హారతి ఇచ్చి, గుమ్మడికాయ వీధిలో పగలగొట్టి, బాక్సు ప్లగ్గు పెట్టాడు. ఆయన కంప్యూటరు ఇంకా కళ్లు తెరవకముందే పక్కింట్లోంచి మోహన్‌కుమార్ కేక వినిపించింది.

"వచ్చింది! నేను రిపేరు చేసేసినాను!"

ఆమె ఒక్క ఉరుకున వెనక్కి వచ్చి ముందు ఫైలు పంపింది. పన్నెండు కొట్టేలోపే మేనేజరు సరేనన్నాడు. అప్పుడు తీరిగ్గా భర్తవైపు తిరిగింది. బాక్సు పైమూత అతని ఒడిలో ఉంది. మిగిలిన భాగం చేతిలో ఉంది. ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"ఏమండీ, మీ బాక్సుకు కరెంటు యాడుంది?"

మోహన్‌కుమార్ చేతిలోకి చూసుకున్నాడు. వెనక చిన్న వైర్‌లెస్ బటను ఒక్కసారీ నొక్కింది కాదు; దాని మీద కొన్ననాటి ప్లాస్టిక్ కాగితం చెక్కుచెదరకుండా ఉంది. ఒకే అంగడిలో కొన్న రెండు బాక్సుల నెట్టుకూ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. ఏడాదిగా ఈ ఇంట్లోకి వచ్చిన నెట్టంతా శేషప్పదే.

అంతలో శేషప్ప ప్రసాదంతో వచ్చాడు. "మోహనప్పా, ఏడాదిగా మా నెట్టు నత్త మాదిరి నడస్తా ఉంది. నువ్వు తెలిసినోడివి, ఒకసారి వచ్చి చూడప్పా."

"కంపెనీవాళ్లదే తప్పన్నా," అన్నాడు మోహన్‌కుమార్, బాక్సును పంచె కింద దాచుకుంటూ.

మరుసటి ఏడు మారక్క మొదటి బొట్టు శేషప్ప ఇంటివైపు గోడకు పెట్టింది.